ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో మా పొలాలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమన్నప్పుడు మేము నలుగురం కాస్త ఇరకాటంలో పడ్డాం. వార్డెన్ సారు గురించి, నీళ్ల సాంబారు గురించి, పదో తరగతి మార్కుల గురించి మాకంటే ముందువాళ్లు బాగా రాసేశారు. అప్పుడు సంక్రాంతి సెలవులకు ముందు హాస్టల్‌కు వచ్చినపుడు ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. "అన్నా, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఏది బాగుంటుంది? పాతదా, రెండోదా, కొత్తదా?" ఆ రోజు బస్సు టైమైపోయి నవ్వి ఊరుకున్నాం. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నాం. అప్పటి వార్డెన్ సారు ఇది చదివితే మమ్మల్ని మన్నించాలి. ఆదివారం హాజరు వేళకు మేము ఎక్కడుండేవాళ్లమో ఆయనకు ఇన్నేళ్ల తర్వాత తెలుస్తుంది.

2003లో మేము ఎనిమిదో తరగతి. బస్టాండు వెనక సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది. గంటకు 15 రూపాయలు. సబ్బుకూ నూనెకూ ఇచ్చే కాస్మెటిక్ చార్జీల్లోంచి మిగిల్చి అక్కడ కట్టేవాళ్లం. మిగిల్చి అంటే సబ్బు కొనకుండా అని అర్థం. నలుగురికీ కలిపి ఒకటే కంప్యూటర్. ఒకడు మౌసు, ఒకడు కీబోర్డు, ఒకడు తిండి ఎంత ఉంది కట్టెలు ఎన్ని ఉన్నాయి అని లెక్క. నాలుగోవాడికి తలుపు దగ్గర వాచ్‌మన్ డ్యూటీ.

ఆడనివాళ్ల కోసం రెండు మాటలు. మొదట మనకు ఒక ఊరి కేంద్రం, కొద్దిమంది గ్రామస్థులు ఉంటారు. వాళ్లను మేము కూలీలు అనేవాళ్లం. వాళ్ల చేత తిండి, కట్టెలు, బంగారం, రాయి పోగు చేయించాలి, ఇళ్లు కట్టించాలి, ఒక్కో యుగం దాటాలి, చివరికి సైన్యంతో ఎదుటివాడి మీదికి వెళ్లాలి. అందరూ యుద్ధాల కోసం ఆడతారు. మా కళ్లు మాత్రం పొలం మీదే ఉండేవి. మా నలుగురి ఇళ్లలోనూ కూలి పనే కదా. అందుకే ఆ పొలం దగ్గరే ఈ ఆటలన్నిటినీ పోల్చి చెబుతాం.

మొదటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 1997లో వచ్చింది. రాతియుగం నుంచి ఇనుపయుగం దాకా, 12 జాతులు. అందులో పొలం వేయాలంటే 75 కట్టెలు కావాలి. విత్తనాలు అక్కర్లేదు, కట్టెలు పోస్తే పంట పండుతుంది! కొంత తిండి ఇచ్చాక పొలం మాయమైపోతుంది, కూలీ అక్కడే నిలబడిపోతాడు. మనం చూసి మళ్లీ కొత్త పొలం వేయాలి. గోడ కడితే దానికి ద్వారం పెట్టే వీలు లేదు. మాలో ఒకడు చుట్టూ గోడ కట్టి తన సైన్యాన్ని తానే లోపల బంధించుకున్నాడు. కూలీలను కూడా ఒక్కొక్కరినే తయారు చేయాలి. 1998లో వచ్చిన రైజ్ ఆఫ్ రోమ్‌తో ఆ బాధ తీరింది. వరసగా కొందరిని ఒకేసారి పురమాయించవచ్చు. దాంతో పాటు రోమన్లు సహా మరో నాలుగు జాతులు వచ్చాయి.

1999లో రెండో ఆట, ఏజ్ ఆఫ్ కింగ్స్, వచ్చింది. 13 జాతులు, కోటలు, ద్వారాలు. ఊరి గంట కొడితే పొలంలో ఉన్నవాళ్లంతా పరుగున వచ్చి లోపల దాక్కుంటారు. మొదటి ఆటలో కూలీలంతా మగవాళ్లే. ఇందులో ఆడవాళ్లు కూడా పొలంలోకి వచ్చారు. ఆడవాళ్లు లేని పొలం మేము ఎన్నడూ చూడలేదు కాబట్టి ఈ మార్పు మాకు వింతగా అనిపించలేదు, మొదటిదే వింత. పొలం ఖర్చు 60 కట్టెలకు తగ్గింది. బరువు నాగలి నేర్చుకుంటే దిగుబడి పెరుగుతుంది, పంట మార్పిడి నేర్చుకుంటే ఇంకా పెరుగుతుంది. సోషల్ సారు పంట మార్పిడి పాఠం చెప్పిన రోజు మేము నలుగురం చేతులెత్తాం. ఎక్కడ నేర్చుకున్నార్రా అంటే మాత్రం ఎవరమూ నోరు మెదపలేదు.

మరుసటి ఏడాది, 2000లో, దాని విస్తరణ ది కాంకరర్స్. ఇది మా ప్రాణం. పొలం అయిపోకముందే మిల్లు దగ్గర కట్టెలు కట్టేసి ఉంచితే, అయిపోయిన వెంటనే కూలీ తనంతట తానే మళ్లీ విత్తుకుంటాడు. చూడడానికి చిన్న మార్పు. కానీ దానితో మాకు పొలం చింత పోయి యుద్ధం చూసుకునే తీరిక దొరికింది. ఇంకో సంగతి, అందులో వచ్చిన హూణులకు ఇళ్లు అక్కర్లేదు. మిగతా జాతులకు అయిదుగురికి ఒక ఇల్లు చొప్పున కడుతూ పోవాలి. ఒకే హాల్లో ట్రంకు పెట్టెల మధ్య చాపలు పరుచుకుని, వేసవిలో వరండాలో పడుకునే మేము హూణులం కాక మరెవరం? మా గదికి "హూణుల కోట" అని సుద్దముక్కతో పేరు కూడా రాశాం.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ రెండో ఆటలో పని లేకుండా నిలబడ్డ కూలీని చూపించే ఒక బొత్తం ఉంటుంది. నొక్కితే చాలు, తెర సరాసరి ఆ మనిషి దగ్గరికి వెళ్తుంది. ఒక ఆదివారం మాలో ఒకడి అమ్మ హాస్టల్‌కు వచ్చింది. మిరపకాయల కోతల రోజులు. ఒక రోజు కూలి పోగొట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. మేము నెట్ సెంటర్‌లో ఉన్నాం. గంట అయిపోతే మరో గంటకు కట్టాం. మేము తిరిగొచ్చేసరికి వేపచెట్టు కింద ఎవరూ లేరు. కామాటి తాత ఒక చేతిసంచి తెచ్చి ఇచ్చాడు. "పదకొండింటి నించి నాలుగింటి దాకా కూర్చుందిరా. బస్సు పోతుందని వెళ్లింది" అన్నాడు. సంచిలో అరిసెలు, చింతకాయ పచ్చడి, మడత పెట్టిన ఇరవై రూపాయల నోటు. తెర మీద పని లేకుండా నిలబడ్డవాళ్లనందరినీ ఆ రోజు మేము వెతికి పట్టుకున్నాం. చెట్టు కింద కూర్చున్న మనిషి మా లెక్కలోకి రాలేదు. అరిసెలు నలుగురం తిన్నాం గానీ ఎవరమూ మాట్లాడుకోలేదు.

తర్వాతి ఆటలు మేము వేర్వేరు ఊళ్లలో, కాలేజీల్లో ఉండగా ఆడాం. 2002 నాటి ఏజ్ ఆఫ్ మైథాలజీలో దేవతలు వచ్చారు, పొలం ఎప్పటికీ అయిపోదు. 2005 నాటి మూడో ఆట అమెరికాలో వలసల కథ. తుపాకులు, ఫిరంగులు. కూలీలు పండినది మోసుకుపోయి ఎక్కడా దింపనక్కర్లేదు, ఉన్నచోటే జమ అవుతుంది. చూడ్డానికి అందంగా ఉంది కానీ మూట మోయని కూలీని మేము నమ్మలేకపోయాం. 2007లో దాని విస్తరణ ది ఏషియన్ డైనాస్టీస్‌లో భారతీయులు వచ్చారు. ఎగిరి గంతేశాం. అయితే ఆ భారతీయులు పశువులను తినరు. ఒక పవిత్ర క్షేత్రం కట్టి ఆవులను అందులో ఉంచితే అనుభవం పెరుగుతుంది. మేము ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. పండగనాడు మా పేటలో ఏ కూర ఉడుకుతుందో ఆ ఆట చేసినవాళ్లకు ఎవరు చెబుతారు?

ఈ ఆటలను మొదలుపెట్టిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్ 2009లో మూతపడింది. ఆట అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ రెండో ఆటను అభిమానులే వదల్లేదు. వాళ్లు సొంతంగా చేసుకున్న చేర్పే 2013లో ది ఫర్‌గాటెన్ పేరుతో అధికారిక విస్తరణ అయింది. అందులో భారతీయులందరూ కలిపి ఒకటే జాతి. 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా వచ్చి ఆ ఒక్కదాన్ని విడదీసి హిందుస్తానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రవిడులు అన్నది. ద్రవిడుల కథ రాజేంద్ర చోళుడిది. మన రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడికి ఆయన మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. నన్నయ చేత భారతం రాయించిన రాజు గారి మామను మౌసుతో నడిపించడం మాకు భలే సంతోషమైంది. 2021 నాటి నాలుగో ఆటలో ఢిల్లీ సుల్తానులున్నారు. వాళ్లకు విద్యలన్నీ ఉచితం, కానీ చాలా ఆలస్యంగా వస్తాయి. మసీదులో పండితులు చేరితే త్వరపడతాయి. ఇది చదివినప్పుడు మాకు మన హాస్టలూ, సాయంత్రం ట్యూషన్ చెప్పడానికి వచ్చే సార్లూ గుర్తొచ్చారు.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు. కథ తెలుసుకోవాలంటే మొదటిది చూడు. నలుగురు కలిసి ఆడుకోవాలంటే రెండోది, అందులోనూ ది కాంకరర్స్ చేరినది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు 2019లో వచ్చిన రెండో ఆట డెఫినిటివ్ ఎడిషన్ మంచిది. పొలాలు వాటంతట అవే విత్తుకుంటాయి, ద్రవిడులను కూడా అందులోనే చేర్చుకోవచ్చు. మూడు, నాలుగు చెడ్డవి కావు, మాకు అలవాటు కాలేదంతే.

ఇంకొక్క మాట. ఆ రోజు వేపచెట్టు కింద కూర్చున్న అమ్మ ఇప్పుడు కొడుకు దగ్గరే ఉంటోంది. పోయిన ఏడాది మేము నలుగురం వాళ్లింట్లో కలిసినప్పుడు ఆమె వచ్చి మా వెనక నిలబడి కాసేపు తెర చూసింది. యుద్ధం కాదు, పొలాలు. "బాగానే చేస్తున్నార్రా. సాయంత్రం వీళ్లకి కూలి ఎవరిస్తారు?" అంది. మేము నాలుగు ఆటలూ, విస్తరణలన్నీ మనసులో తిప్పుకుని చూశాం. 1997 నుంచి ఇప్పటి దాకా కూలీని పుట్టించేటప్పుడు చాలావరకు కొంత తిండి ఖర్చవుతుంది. ఆ తర్వాత ఏ ఆటలోనూ ఎవరూ వాళ్లకు ఏమీ ఇవ్వరు. ఇన్నేళ్లుగా ఆడుతున్నా మాకు ఈ ప్రశ్న రాలేదు. "ఇవ్వరమ్మా" అన్నాడు వాడు. "అయితే ఇదేం ఊరురా" అని నవ్వి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఆడుకోండి తమ్ముళ్లూ, వద్దనం. కానీ ఆదివారం గేటు దగ్గర ఎవరైనా వచ్చి కూర్చున్నారేమో ముందు చూసి వెళ్లండి. దానికి బొత్తం ఏ ఆటలోనూ లేదు, మనమే లేచి వెళ్లాలి.



ఇట్లు,
హూణుల కోట నలుగురు