టార్చి పట్టుకున్న చెయ్యి

ఆ రోజు పొద్దున్న కంప్యూటర్ బటన్ నొక్కితే ఏమీ జరగలేదు. ఫ్యాను తిరగలేదు, లైటు వెలగలేదు. ఒకటికి పదిసార్లు నొక్కాను. అమ్మ పోయేముందు రెండేళ్ళపాటు తను చెప్పినవన్నీ అందులోనే ఉన్నాయి. పెళ్ళి, మొదటి కాన్పు, నాట్లు, నాన్నతో మాట్లాడకుండా ఒకే ఇంట్లో గడిపిన ఏడు నెలలు... అన్నీ అనూ ఫాంట్స్‌లో టైపు చేసి దాచుకున్నాను. వేరే కాపీ లేదు. (ఎందుకు లేదని అడక్కండి. మన రాతలకి మనం ఇచ్చుకునే విలువ అంత.)

ఇంట్లో బిగించిన కంప్యూటర్ అని గొప్పగా చెప్పుకునేదాన్ని. 2016లో తమ్ముడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో షాపులన్నీ తిరిగి విడిభాగాలు కొనుక్కొచ్చి మా హాల్లో కూర్చుని బిగించాడు. నేను టార్చి పట్టుకున్నాను, స్క్రూలు అందించాను, రెండుసార్లు టీ పెట్టాను. "మేం బిగించాం" అన్న మాటలో నా వాటా అంతే. తమ్ముడిప్పుడు డాలస్‌లో ఉంటున్నాడు. ఫోన్ చేస్తే, "అక్కా, నువ్వేం ముట్టుకోకు, డిసెంబర్లో వచ్చి చూస్తా" అన్నాడు. రిపేరు షాపతను రెండు ప్రశ్నలు అడిగి, "సార్‌కి ఇవ్వండి మేడమ్ ఫోను" అన్నాడు. సార్‌కి ఆ పెట్టెలో ఏముందో నాకన్నా తక్కువ తెలుసు. అయినా ఫోను ఆయన చేతికే వెళ్ళింది. మదర్‌బోర్డు పోయుంటుందని చూడకుండానే తేలిపోయింది.

మా కింది వాటాలో నారాయణఖేడ్ నుంచి వచ్చిన అమ్మాయి ఉంటుంది. సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కులో ఒక యూనిట్లో పని. 2017లో ఈ పార్కుకి శంకుస్థాపన జరిగాక మా చుట్టుపక్కల అద్దె గదులన్నీ ఇలాంటి అమ్మాయిలతో నిండాయి. షిఫ్టు నుంచి వచ్చి, నా మొహం చూసి సంగతి అడిగింది. "బోర్డు అంతా చూడొద్దు అక్కా. కరెంటు ఎక్కడిదాకా ఒచ్చింది, ఎక్కడ ఆగింది... గదొక్కటే చూడాలె. మేం రోజూ చేసేది గదే" అంది.

అలాగే చూశాం. ప్లగ్గులో టేబుల్ లైటు పెడితే వెలిగింది. అంటే గోడదాకా కరెంటుంది. పెట్టె వెనకున్న చిన్న స్విచ్ వేసే ఉంది. వైరు మార్చినా లాభం లేదు. పక్క రేకు విప్పాం. లోపల మదర్‌బోర్డు మీద చిన్న ఆకుపచ్చ లైటు వెలుగుతోంది! చచ్చిపోయిందనుకున్న మనిషికి నాడి దొరికినట్టయింది నాకు. కానీ ఆ లైటుకి వచ్చేది ఐదు వోల్టుల వేచివుండే కరెంటు మాత్రమే. అసలు సరఫరా వేరు.

ప్లగ్గు పీకేశాం. లోపల చెయ్యి పెట్టేముందు ఆ అమ్మాయి పెట్టె ఇనుప చట్రాన్ని ముట్టుకుంది, నన్నూ ముట్టుకోమంది. ఒంట్లో ఉండే స్థిర విద్యుత్తు చిప్పుల్ని చంపేస్తుందట. కంపెనీలో మణికట్టుకి పట్టీ కట్టుకుని, దాన్ని ఎర్త్‌కి కలుపుకుని గానీ పనిలో కూర్చోరట. 24 పిన్నుల పెద్ద కనెక్టర్ని బోర్డు నుంచి ఊడదీసి, అందులో ఆకుపచ్చ వైరు గుంటనీ నల్ల వైరు గుంటనీ పేపర్ క్లిప్పుతో కలిపి, మళ్ళీ ప్లగ్గు పెట్టాం. పవర్ సప్లై ఫ్యాను గిర్రున తిరిగింది. (ఆ పవర్ సప్లై డబ్బాని మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది.)

అంటే మిగిలింది బోర్డు, లేకపోతే బటన్. నేను పొద్దుటి నుంచీ బోర్డుని అనుమానిస్తున్నాను గానీ, బటన్ని ఒక్కసారీ అనుమానించలేదు.

"మీ ఇంట్లో మిక్సీ పాడైతే నువ్వే బాగుచేస్తావా?" అని అడిగాను, కనెక్టర్ తిరిగి పెడుతుంటే. నవ్వింది. "మా ఆయననే విప్పుతడు అక్కా. షాక్ కొడ్తదని నన్ను ముట్టనియ్యడు." ఎనిమిది గంటలు సర్క్యూట్ బోర్డులు పరీక్షించి వచ్చిన చేతులవి!

నాకు ఎనియాక్ గుర్తొచ్చింది. దాదాపు 18 వేల వాక్యూం ట్యూబులున్న ఆ యంత్రాన్ని 1946లో లోకానికి చూపించారు. దానికి ప్రోగ్రాములు రాసింది జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, కే మెక్‌నల్టీ, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్ అనే ఆరుగురు స్త్రీలు. మాన్యువల్ అంటూ ఏమీ లేదు. బ్లాక్ డయాగ్రాములు చూసుకుంటూ, ఇంజనీర్లని అడుగుతూ నేర్చుకున్నారు. చెడిపోయిన ట్యూబు ఏదో వెతికి పట్టుకునేటంతగా నేర్చుకున్నారు. ఆవిష్కరణ రోజు రాత్రి విందుకి వాళ్ళకి పిలుపు లేదు. ఫొటోల్లో ఉన్న వీళ్ళెవరని 1980ల్లో కేథీ క్లైమన్ అనే విద్యార్థిని అడిగితే, యంత్రం అందంగా కనబడటానికి నిలబెట్టిన మోడళ్ళని జవాబొచ్చింది. మా సుల్తాన్‌పూర్లోనే 2022 మార్చి 8న అందరూ మహిళా యజమానులే ఉన్న పారిశ్రామిక పార్కు ప్రారంభమైంది. సంతోషమే. కానీ యాజమాన్యం ఒకటి, ఇంట్లో స్క్రూడ్రైవర్ ఒకటి. రెండోది ఇంకా మన చేతికి రాలేదు.

బోర్డు అంచున బటన్ వైర్లు వచ్చి కూర్చునే రెండు సన్నని పిన్నులుంటాయి. ఆ వైర్లు పీకి, "నువ్వే ముట్టు అక్కా" అని స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చింది. తను టార్చి పట్టుకుంది. చెయ్యి వణికింది. రెండు పిన్నులకీ కలిపి మొన ఒక్క క్షణం తాకించాను. ఫ్యాన్లన్నీ ఒక్కసారి లేచాయి.

పోయింది బటన్ ఒక్కటే. కొత్తది కొనే పని కూడా లేకపోయింది. పక్కనే ఉన్న రీసెట్ బటన్ వైర్లు తీసుకొచ్చి పవర్ పిన్నులకి తగిలించాం. ఆ రాత్రి అమ్మ మాటలన్నీ రెండు పెన్ డ్రైవుల్లోకి ఎక్కించి, ఒకటి బీరువాలో పెట్టి, రెండోది ఆ అమ్మాయి దగ్గర దాచమన్నాను.

ఇప్పుడు కంప్యూటర్ ఆన్ చెయ్యాలంటే చిన్న బటన్ని పెన్ను మొనతో నొక్కాలి. మా ఆయన ఇప్పటికీ పెద్ద బటనే నొక్కి, "ఇది మళ్ళీ పోయింది, చూడు" అని నన్ను పిలుస్తారు.