కంటికి కనపడనిది లేనట్టు కాదు

మా పెద్దమ్మ కొడుకు ఒకాయన ఉండేవాడు, నాకు అన్న వరస. ముప్ఫై అయిదేళ్ళకే నడుం వంగిపోయింది. మెడ తిరగదు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూడాలి. మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ వైపు పల్లె. ఆ మాట చెబితే చాలు, తెలిసినవాళ్ళకి సంగతి అర్థమైపోతుంది. ఫ్లోరైడ్.

మా చిన్నప్పుడు మాత్రం దాని పేరు ఫ్లోరైడ్ కాదు. కొందరు పూర్వజన్మ పాపం అన్నారు, కొందరు గ్రామదేవత కోపం అన్నారు. మా పెద్దమ్మ మొక్కని దేవుడు లేడు, కట్టించని తాయెత్తు లేదు. నేను హేతువాదం వైపు రావడానికి పుస్తకాలకంటే ముందు కారణం ఆ తాయెత్తులే. చదువుకుని తిరిగొచ్చాక ఊరూరా తిరిగి ఒకే మాట చెప్పాను: "ఇది కర్మ కాదు, మనం తాగే నీళ్ళు. గ్రానైటు రాతిలోంచి ఫ్లోరైడ్ కరిగి బోరు నీళ్ళల్లోకి వస్తుంది. కంటికి కనపడదు, వాసన రాదు, కాచినా పోదు." అన్న ఆ మాట నమ్మాడు. మెడలోని తాయెత్తు ఆయనే తెంపేశాడు.

ఇప్పుడు నేను సిగ్గుపడే సంగతి ఒకటి చెప్పాలి.

2003 ఆగస్టులో పెద్దగట్టు, లంబాపురం దగ్గర యురేనియం గని కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఆ గుట్టలు నాగార్జునసాగర్ జలాశయానికి కూతవేటు దూరంలో ఉంటాయి. ఆ వైపు పులుల అభయారణ్యం కూడా దగ్గరే. జిల్లా అంతా అదే చర్చ. "గని వస్తే గాలి తగిలినా చస్తారు" అని ఎవరో, "పుట్టే పిల్లలంతా అవిటివాళ్ళే" అని ఇంకెవరో. నాకు చిరాకేసింది. ఇదీ ఒక మూఢనమ్మకమే కదా అనుకున్నాను. అన్న అడిగితే తేలిగ్గా నవ్వేసి, "యురేనియం ఆ రాళ్ళల్లో ఎప్పట్నించో ఉంది. ఇన్నాళ్ళూ లేని భయం ఇప్పుడెందుకు?" అన్నాను.

ఆయన కాసేపు ఊరుకుని ఇలా అన్నాడు: "తమ్మీ, ఫ్లోరైడు కంటికి కనపడదు, అయినా బొక్కలు తింటదని చెప్పింది నువ్వే. నేను నమ్మిన. ఇయ్యాల యురేనియం సంగతి అడిగితె నవ్వుతున్నవు. రెండిట్ల ఏది నమ్మాలె?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేను ఏ లెక్కా చూడకుండానే మాట్లాడాను. "సైన్సు" అనే మాట వినగానే చేతులు కట్టుకున్నాను. బాబా ముందు భక్తుడు చేసేదీ అదేగా?

ఆ తర్వాత కూర్చుని చదివాను. తెలిసింది ఇది. మన దేశంలో చాలా యురేనియం గనుల్లో టన్ను రాయి తవ్వితే కిలో యురేనియం కూడా రాదు. మిగతా రాయంతా పొడి అయి, రసాయనాలు కలిసిన బురదగా మారి, గని పక్కనే చెరువులాంటి మడుగులోకి చేరుతుంది. ఖనిజంలో ఉన్న రేడియో ధార్మికతలో ఎక్కువ భాగం, సుమారు 85 శాతం, ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులోని రేడియం-226 సగానికి తగ్గడానికి 1,600 ఏళ్ళు. థోరియం-230కి అయితే సుమారు 75,000 ఏళ్ళు. రాతిలో బిగుసుకుని ఉన్నది వేరు, పిండి చేసి నీళ్ళల్లో కలిపినది వేరు. "ఎప్పట్నించో ఉన్నదే కదా" అన్న నా వాదన అక్కడే కూలిపోయింది.

ఇంకో సంగతి. పెద్దగట్టు దగ్గర యురేనియం ఉన్నది పైనున్న శ్రీశైలం రాతిపొర కింద, పాత గ్రానైటులో. మా బోర్లలోకి ఫ్లోరైడ్ దిగిందీ గ్రానైటు నుంచే. ఆ విషం నుంచి మమ్మల్ని కాపాడింది కృష్ణ నీళ్ళు. మొదట్లో వారానికి ఒకసారి, తర్వాత మిషన్ భగీరథ కింద రోజూ. 2004 నుంచి హైదరాబాదు తాగుతున్నదీ సాగర్ నుంచి అక్కంపల్లి మీదుగా వచ్చే ఆ నీళ్ళే. ఎన్నో ఏళ్ళ తర్వాత దొరికిన మంచినీళ్ళ పక్కన అలాంటి బురద మడుగు పెడతామంటే ప్రశ్న అడగడం మూఢత్వమా?

పెద్దగట్టు గని ఇంతవరకూ తెరుచుకోలేదు. కానీ 2019 మేలో ఆ ప్రశ్న నల్లమలకి వచ్చింది. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకి కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అది చెంచుల అడవి, కృష్ణలో కలిసే వాగుల అడవి. జనం కదిలారు, సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. మంచిదే. అయితే అణు ఖనిజాలు కేంద్రం చేతిలోనివి, తీర్మానం చట్టం కాదు.

ఆ రోజుల్లో నా హేతువాద మిత్రుడొకాయన గట్టిగా వాదించాడు: "అణు విద్యుత్తు బొగ్గుకంటే నయం. దీన్ని వ్యతిరేకించడం సైన్సుకి వ్యతిరేకం." మొదటి మాట నిజం కావచ్చు, దాని మీద నాకు పేచీ లేదు. రెండో మాటే ఒప్పుకోను. విభూతి రాలుస్తానన్న బాబాని మనం ఏమంటాం? "నువ్వే నిరూపించు" అంటాం. రుజువు భారం చెప్పినవాడిదే అంటాం. మరి "నీళ్ళకి ఏమీ కాదు" అన్నవాడికి ఆ నియమం వర్తించదా? తవ్వకముందు చుట్టుపక్కల ప్రతి బావి నీళ్ళల్లో ఏ లవణం ఎంత ఉందో కొలిచారా? ఆ అంకెలు తెలుగులో పంచాయతీ గోడ మీద పెట్టారా? తాగే నీళ్ళల్లో యురేనియం లీటరుకి 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రేపు దాటితే ఎవరు చెబుతారు, ఎవరు నీళ్ళిస్తారు? గని మూసేశాక వెయ్యి ఏళ్ళు ఆ మడుగుకి కాపలా ఎవరు?

అలాగే ఇటువైపు వాళ్ళకీ ఒక మాట. "గాలి తగిలితే చస్తారు" లాంటి అబద్ధాలు మనకి అక్కర్లేదు. నిజమే చాలినంత బరువుగా ఉంది. ఒక్క అబద్ధం దొరికితే దాన్ని పట్టుకుని మన వంద నిజాల్నీ కొట్టిపారేస్తారు.

నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ జబ్బుని శాస్త్రవేత్తలు గుర్తించి రాసింది 1937లో. మా ఇంటికి రోజూ మంచినీళ్ళు వచ్చింది 2015 తర్వాత. తెలియడానికీ తీరడానికీ మధ్య డెబ్బై ఏళ్ళకి పైనే పట్టింది. ఆ మధ్యలోనే మా అన్న నడుం వంగింది. ఆయన రోజూ కృష్ణ నీళ్ళు తాగింది కొద్ది ఏళ్ళే. నీళ్ళు మారాయి, ఎముకలు మారలేదు.

అందుకే ఇప్పుడు ఎవరైనా "భయపడకండి, సైన్సు ఉంది" అంటే నేను నవ్వను, తల ఊపను. కొలిచిన కాగితం చూపించమంటాను. అది నాకు నేర్పింది పుస్తకాలు కాదు, పదో తరగతి దాటని మా అన్న.