బావకి సులువైన పాత్ర

మా బావ ముందు నా పరువు పోయిన కథ ఇది. చదివి నవ్వుకోండి, ఫర్లేదు. కాకపోతే చివర్లో ఒక ప్రశ్న అడుగుతా, దానికి మాత్రం నిజం చెప్పాలి.

ముందు కాస్త ఉపోద్ఘాతం. బెంగుళూర్లో నేనూ, ఆఫీసు వాళ్ళు ఇంకో నలుగురూ కలిసి శనివారం సాయంత్రాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుంటాం. తెలియనివాళ్ళ కోసం: 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు బయటికి తెచ్చిన ఆట ఇది. కంప్యూటర్ ఉండదు. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు కథ నడిపిస్తారు (మా గుంపులో ఆ చాకిరీ నాది), మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని "నేనిది చేస్తా" అంటారు. అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. చందమామ కథలోకి మనమే దూరిపోయినట్టు ఉంటుందన్నమాట.

దసరాకి హిందూపురం వెళ్తూ పాచికలూ కాగితాలూ బ్యాగులో పడేసుకున్నా. పండగ మర్నాడు అందరం పెనుకొండలో పెద్దమ్మ వాళ్ళింట్లో చేరాం. మా తమ్ముడు (ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం), పెద్దమ్మ కూతురు (ఎంసీయే), ధర్మవరం నుంచి మా మేనమామ కొడుకు. ఈయన నాకన్నా మూడేళ్ళు పెద్ద, నాకు బావ అవుతాడు. పదో తరగతితో చదువు ఆపేసి మగ్గంలో కూర్చున్నాడు.

పాత్రలు నేనే పంచేశా, 2014 నాటి అయిదో ఎడిషన్ పుస్తకం ప్రకారం, అందరికీ మూడో లెవెల్. చెల్లెలికి విజార్డ్, అంటే పేజీ నిండా మంత్రాలు. తమ్ముడికి ఫైటర్లలో బ్యాటిల్ మాస్టర్ రకం. మూడు యుద్ధపుటెత్తులు, వాటి మీద ఖర్చుపెట్టుకోడానికి విడిగా నాలుగు పాచికలు. బావకేమో చాంపియన్. ఇదీ ఫైటరే, కానీ మామూలుగా పాచిక మీద 20 పడితేనే తగిలే పెద్ద దెబ్బ ఇతనికి 19 పడినా తగులుతుంది. అవకాశం 5 శాతం నుంచి 10 శాతానికి పెరిగిందన్నమాట. కొత్తగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకేమీ లేదు.

"బావా, నీకు ఇది సులువుగా ఉంటుంది" అన్నా. ఎంత మంచివాణ్ణో అనుకున్నా మనసులో.

ఆట మొదలైంది. చెల్లెలి వంతు వస్తే మూడు నిమిషాలు, తమ్ముడి వంతు వస్తే రెండు నిమిషాలు, బావ వంతు వస్తే పది సెకన్లు. పాచిక వేయడం, కొట్టడం, మళ్ళీ గోడకి ఆనుకుని కూర్చోవడం. గంటన్నర అయ్యాక "ఏమి రా ఇది, ఏసేది కొట్టేది, అంతేనా?" అన్నాడు. "అంతే బావా, సింపుల్" అన్నా. టీ తెస్తానని లేచి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. టీ కూడా రాలేదు.

మర్నాడు పొద్దున కొండెక్కాం. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడిపోయాక విజయనగర రాజులు రాజధాని చేసుకున్న కొండ కదా, పైన కోట గోడలూ, కూర్చోడానికి కావలసినన్ని బండలూ. బావ ఒక బండ మీద ఇటుక ముక్కతో పులి మేక గీశాడు. మీలో చాలామంది ఆడే ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు చోట్లు. పులి మేక మీంచి దూకి చంపుతుంది. మేకకి చంపే శక్తి లేదు, అన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేయాలి.

"పులి నువ్వు తీసుకో రా. నీకు సులువు" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు లెండి. అరగంటలో నా మూడు పులులూ కట్టుబడిపోయాయి. నేను చంపగలిగింది రెండంటే రెండు మేకల్ని. అప్పుడు నెమ్మదిగా అన్నాడు: "నిన్న నాకేమి కావల్లో అడగల్ల కదరా. సదువుకోలేదు, ఈడికి ఇది చాల్లే అనుకుంటివి."

కాదని చెప్పలేకపోయా. ఎందుకంటే సరిగ్గా అదే అనుకున్నా.

ఆయన పని ఏమిటో నాకు తెలియంది కాదు. జాకార్డు మగ్గం మీద పట్టుచీర అంచు నేస్తాడు. ఒక్కో పోగుకి ఒక్కో అట్ట, అట్టలో ఎక్కడ రంధ్రముంటే అక్కడి దారం లేస్తుంది. 1804 నాటి ఆ జాకార్డు అట్టల్ని చూసే బాబేజ్ తన యంత్రానికి పంచ్ కార్డులు అనుకున్నాడు. ఆ వంశంలో పుట్టిన యంత్రాల మీదే మనమంతా జీతాలు తీసుకుంటున్నాం. అలాంటి పని చేసే మనిషికి మూడు యుద్ధపుటెత్తులు గుర్తుండవని నేను తేల్చేశా!

బెంగుళూరు తిరిగొచ్చే రైల్లో ఇదే ఆలోచన. నియమాలు తక్కువున్న పాత్ర వేరు, ఆడటానికి సులువైన పాత్ర వేరు. మేకనే చూడండి. ఒక్కో మేకకి ఉన్న నియమాలు పులికన్నా తక్కువ, కానీ మేకల పక్షాన గెలవాలంటే బుర్ర వేడెక్కాలి. మన చాంపియన్ దగ్గర లోపం నియమాలు తక్కువుండటం కాదు, ఆలోచించడానికి ఏమీ మిగల్చకపోవడం. విజార్డ్ కాగితం మీద "తలుపు తెరుచుకుంటుంది" అని రాసుంటే తెరుచుకుని తీరుతుంది. ఫైటర్ ఉపాయంగా ఏదైనా చేయాలంటే మాత్రం కథ నడిపేవాడి దయ. ఆ దయ ఉంటుందనే మాట కూడా నేను బావకి చెప్పలేదు.

ఆట తయారుచేసేవాళ్ళూ దీంతో తంటాలు పడుతూనే ఉన్నారు. 2008 నాలుగో ఎడిషన్లో ఫైటర్‌కీ విజార్డ్‌కీ ఒకే పద్ధతిలో శక్తులిచ్చారు, అందరూ ఒకేలా ఉన్నారని చాలామంది గొడవపెట్టారు. 2010లో ఎసెన్షియల్స్ పేరుతో మళ్ళీ సులువైన ఫైటర్లని తెచ్చారు. 2014లో ఒకే ఫైటర్‌లో సులువుదీ చిక్కుదీ రెండు దారులు పెట్టారు. 2024 సవరణలో ఆయుధాలకే కొన్ని చిన్న ఎత్తులు జోడించారు. మంచిదే. కానీ నా ఫిర్యాదు ఒకటి అలాగే ఉంది. సులువు కావాలంటే కత్తి, చిక్కు కావాలంటే మంత్రం అని ఎందుకు? నిజానికి ఆ రోజు మంత్రాల పేజీ చూసి బెదిరింది మా చెల్లెలే. సులువైన మంత్రగాడు కావాలంటే వార్లాక్ కొంత నయం, అదీ పూర్తిగా సులువు కాదు.

అలాగని సులువైన పాత్రలు తీసేయమనడం లేదు. మా శనివారం గుంపులో అందరికన్నా సీనియరు ఎప్పుడూ చాంపియనే అడుగుతాడు. "వారమంతా ప్రొడక్షన్ ఇష్యూలు చూసొచ్చా, ఇక్కడ కూడా పేజీలు చదవమంటావా?" అంటాడు. ఆయన అడిగి తీసుకున్నాడు. బావకి నేను అంటగట్టా. కాగితం అదే, మర్యాద వేరు.

తర్వాత నెల ధర్మవరం వెళ్ళినప్పుడు మగ్గం పక్కనే చాప వేసి మూడు కాగితాలూ బావ ముందు పెట్టా. అన్నీ ఓపిగ్గా చదివించుకున్నాడు. చివరికి ఏది తీసుకున్నాడనుకుంటున్నారు? చాంపియనే! "పొద్దస్తమానం ఈడ లెక్కలే గదా, ఆడన్నా ఊరికే కొట్టుకుంటా పోతా" అన్నాడు. అని, ఒక్క ప్రశ్న వేశాడు: "ఈ పేపర్లో లేనిది చెయ్యొచ్చునా?" చెయ్యొచ్చన్నా. ఇంకేం, ఆ రోజు వంతెన తాళ్ళు ఏ వరసలో కోస్తే దొంగలంతా ఒకేసారి ఏట్లో పడతారో ఆయనే లెక్కగట్టాడు. తమ్ముడి నాలుగు పాచికలూ వాడకుండానే మిగిలిపోయాయి.

ఇప్పుడు నా ప్రశ్న. మీ టీములోకి కొత్తగా వచ్చిన కుర్రాడికో, చిన్న ఊరి కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయికో "నీకు ఇది సులువుగా ఉంటుంది" అని ఒక పని ఇచ్చి ఉంటారు కదా. అడిగే ఇచ్చారా?