కొల్లేటిపై ఒక రాత్రి

అండమాన్ సముద్రంలో బ్యారెన్ అనే ద్వీపమున్నది. భారతదేశంలో సజీవమైన అగ్నిపర్వతం అదొక్కటే. అక్కడ జనావాసం లేదు. కొందరు యాత్రికులు నౌకలోనే భుజించి, నౌకలోనే నిద్రించి, వీపున గాలి సిలిండరు కట్టుకొని ఆ దీవి చెంత కడలి లోతులు చూచి వస్తారు. ఒకనాడు తరగతిలో సముద్ర వర్ణన చెబుతూ ఈ సంగతి ప్రస్తావించినాను. జన్మలో ఒక్కసారైనా అటువంటి యాత్ర చేయవలెనని నా కోరిక అని కూడా అన్నాను. (ఈత రానివానికి ఈ కోరికేమిటని మా ఇంట్లో నవ్వుతారు. తాడేపల్లిగూడెంలో ఏలూరు కాలువ గట్టున పెరిగియు నేను మోకాటిలోతు దాటి దిగినవాడను కాను.)

వెనుక బల్ల నుండి ఒక విద్యార్థి, "మాదీ దీవేనండీ సార్, మీరు ఎప్పుడూ రాలేదు" అన్నాడు. అతడు కొల్లేటి లంకవాడు. "నీవు మాత్రం వేళకు వస్తున్నావా?" అన్నాను. తరగతి అంతా నవ్వినది. నా చమత్కారానికి నేనే మురిసిపోయినాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినది. ఆ నీరు కొల్లేటిలోకి దిగి, ఏలూరు-కైకలూరు రహదారి మునిగి, లంకలకు రాకపోకలు నిలిచిపోయినవి. ఆ దినాలలో అతని పేరుకెదురుగా గైరుహాజరు వేస్తూ పోయినాను. తిరిగి వచ్చిన నాడు అతడు కారణం చెప్పబోగా వినక, "సాకులు వద్దు" అన్నాను. తలవంచుకొని కూర్చున్నాడు. తోటివారి వలన సంగతి తెలిసి హాజరుపట్టీ దిద్దినాను. కాని అన్న మాటను దిద్దుట ఎట్లు?

జనవరిలో నేనే బయలుదేరినాను. అతని తండ్రి నావతో గట్టున నిలిచియున్నాడు.

"లోతెంత ఉంటుందండీ?" అని అడిగినాను.

"నిలువెత్తు కూడా లేదు మాస్టారూ. లోతు కాదు, బురదను చూసుకోవాలి."

గుర్రపుడెక్కను చీల్చుకొంటూ గెడ సాగినది. ఆటపాక వైపు గూడబాతులు బారులు తీరి పోతున్నవి. 1999లో కొల్లేరు అభయారణ్యమైనది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టివేసినారు. వారి వాటా చెరువు కూడా అందులో పోయినదట. గట్లుంటే వరద ఉప్పుటేరుకు చేరలేదు. గట్లు పోతే ఇంట పొయ్యి వెలగలేదు. రెండూ ఆయనే చెప్పినాడు, ఎవరినీ నిందింపక. నా వద్ద జవాబు లేదు.

ఆ రాత్రి నావను గుంజకు కట్టి అందులోనే పరుండినాము. కొర్రమీను పులుసు, అన్నం వారే తెచ్చినారు. తండ్రి నిద్రపోయిన పిదప, "ఆ రోజున నీ మాట వినవలసినది, బాబూ. తప్పు నాది" అన్నాను.

"ఏ రోజు సార్?" అన్నాడు. మరచినాడో, నన్ను కాపాడినాడో చీకటిలో తెలియలేదు.

తెల్లవారుజామున మావులు ఎత్తుటకు అతడు నీటిలోకి దిగినాడు. రొమ్ములోతు ఉన్నది. "రండి సార్, నేను పట్టుకుంటాను" అని చేయి చాచినాడు. దిగినాను. నీరు మంచువలె ఉన్నది. అడుగు తగిలిన మాట నిజమే గాని, బురద నా చెప్పొకటి తీసుకొని తిరిగి ఇవ్వలేదు.