మేకు కొట్టే హక్కు

మావారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ మేము పదకొండు అద్దె ఇళ్ళు మారాము. ఎక్కడైనా సరే, గోడకు ఒక మేకు కొట్టాలంటే ఇంటివారి మొహం చూడవలసిందే. అందుకని, కాకినాడలో మూడు గదుల సొంత ఇల్లు పూర్తయిన రోజున ఆయన చేసిన మొదటి పని ఏమిటనుకున్నారు? సుత్తి పుచ్చుకుని గోడల నిండా మేకులు కొట్టారు. తగిలించడానికి పటాలు తరువాత వెతుక్కున్నాం!

అటువంటి మనిషికి పెద్ద చిక్కు వచ్చిపడింది. 2019లో మా ఇద్దరికీ గ్రీన్ కార్డులు వచ్చాయి. డాలస్ పట్నానికి ఉత్తరాన ఉంటున్న మా అబ్బాయి, ఇక అక్కడికే వచ్చి ఉండిపొమ్మన్నాడు. కోడలు మంచిదే. అయినా ఎవరి వంటిల్లు వారికుంటే ప్రేమలు నిలుస్తాయని, దగ్గరలోనే వేరే ఉందామన్నాను. దానికి అందరూ ఒప్పుకున్నారు. పేచీ అంతా అద్దెకా, కొనడమా అన్నదగ్గరే.

"కాకినాడ ఇల్లు అమ్మేసి అక్కడ చిన్నది కొందాం. ఈ వయసులో మళ్ళీ అద్దె కొంపా?" అన్నారాయన.

"ముందు ఒక్క ఏడాది అద్దెకుందాం. ఊరు మనకు పడాలా, మనం ఊరికి పడాలా?" అన్నాను.

మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజున ఆయనే పుస్తకం తీసి లెక్క వేశారు. టెక్సాస్ రాష్ట్రంలో జీతం మీద రాష్ట్రపు పన్ను లేదు గాని, ఆ లోటంతా ఇంటి పన్నులో కనబడుతుంది. ఇంటి విలువలో నూటికి 2 వంతులు వేసుకున్నా, 4 లక్షల డాలర్ల ఇంటికి ఏటా 8 వేలు. 65 ఏళ్ళు దాటినవారికి కొంత తగ్గింపు ఉన్నమాట నిజమే. కాని ఆపైన బీమా, కాలనీ సంఘానికి చందా, వడగళ్ళ వానకు కప్పు దెబ్బతింటే ఆ ఖర్చూ ఉన్నాయి.

మరో సంగతి మా ఆడిటరుగారు చెప్పారు. ఇల్లు అమ్మగా వచ్చిన లాభంతో ఇంకో ఇల్లు కొంటే పన్ను మినహాయింపు ఉంది. అయితే 2014లో చట్టం సవరించాక, ఆ రెండో ఇల్లు మన దేశంలోనే ఉండాలి. అమెరికాలో కొంటే ఆ మినహాయింపు లేదు.

మావారు పుస్తకం మూసి, "లెక్క నీ పక్షం, మనసు నా పక్షం" అన్నారు. ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. పదకొండు ఇళ్ళూ నేనూ మారానుగా!

చివరికి అద్దెకే దిగాం. అక్కడా మేకు నిషేధమే. గోడకు అంటించే కొక్కెం తెచ్చి, దానికి వెంకటేశ్వరస్వామి పటం తగిలించి, అది ఎప్పుడు ఊడుతుందోనని వారం రోజులు కాపలా కాశారు.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా మంచు కప్పేసింది. కరెంటు పోయింది, చలికి నీటి గొట్టాలు పగిలాయి. మా వంటింట్లోకి పై వాటా నుంచి నీళ్ళు దిగాయి. ఆఫీసుకు ఫోను చేస్తే, వాళ్ళే మనుషులను పంపి బాగుచేయించారు. మా అబ్బాయి సొంత ఇంటికీ అదే గతి పట్టింది. పాపం, వాడు బీమావాళ్ళ చుట్టూ, మేస్త్రీల చుట్టూ నెలల తరబడి తిరిగాడు.

2022లో వాడి ఉద్యోగం సియాటిల్‌కు మారింది. సరిగ్గా ఆ ఏడే ఇళ్ళ అప్పుల మీద వడ్డీ 3 చిల్లర నుంచి 7 శాతానికి ఎక్కింది. కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. వాడి ఇల్లు అమ్ముడుపోయేసరికి అయిదు నెలలు పట్టింది. మేము మాత్రం గడువు ముందుగా ఒక ఉత్తరం రాసిచ్చి, పెట్టె సర్దుకుని, మనవల వెంటే విమానం ఎక్కాం.

అద్దే మేలని తీర్పు చెప్పడం లేదు. అద్దె కాగితం తిరగరాసిన ప్రతిసారీ అద్దె పెరుగుతూనే ఉంది. ఒకే ఊళ్ళో పది కాలాలపాటు ఉండేవారికి కొనడమే లాభం కావచ్చు. కాని మాలాంటివాళ్ళం వెళ్ళింది ఊరి కోసం కాదు, పిల్లల కోసం. పిల్లల ఊరు వాళ్ళ ఉద్యోగం చేతిలో ఉంది. అందుచేత వెళ్ళదలచినవారికి నా మనవి ఒక్కటే: ఎండా చలీ చూసేదాకా అక్కడ కొనకండి, ఇక్కడిది అమ్మకండి.

కాకినాడ ఇంట్లో ఇప్పుడు ఒక మాస్టారి కుటుంబం అద్దెకుంటోంది. మొన్న ఆయన ఫోనులో మొహమాటపడుతూ, పటం తగిలించుకోవడానికి ఒక మేకు కొట్టుకోవచ్చునా అని అడిగారు.

మావారు కాసేపు మాట్లాడలేదు. తరువాత గొంతు సవరించుకుని, "ఎన్ని కావలిస్తే అన్ని కొట్టుకోండి మాస్టారూ! సుత్తి వంటింటి అటక మీద ఉంది" అన్నారు.