‘తిరిగొచ్చాక’ అనే పద్దు

ఇద్దరం ఒకే సైకిల్ మీద అట్లాంటిక్ ఒడ్డు నుంచి నల్ల సముద్రం దాకా వెళ్ళామని తెలిస్తే ఎవరైనా ముందు మోకాళ్ళ గురించి అడుగుతారు, ఆ తర్వాత డబ్బు గురించి. ఎంతయింది అన్నవాళ్ళకు నేను రెండు అంకెలు చెబుతాను. ఒకటి ఏడున్నర లక్షలు. విమానాలు, వీసాలు, సైకిల్, గుడారం, తిండి, బస, మరమ్మతులు అన్నీ కలిపి ఇద్దరికీ అయిన ఖర్చు అది. రెండోది పదహారు లక్షలు. ఈ రెండో అంకె మా ఖాతాల్లో కనబడ్డాకే టికెట్లు కొన్నాం. మొదటి అంకె గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. రెండోదాని గురించి ఎవరూ చెప్పరు గనక నేను రాస్తున్నాను.

మేం వెళ్ళిన దారి పేరు యూరోవెలో 6. ఫ్రాన్స్‌లో లువార్ నది సముద్రంలో కలిసే చోట మొదలై, కొన్నాళ్ళు ఆ నది పక్కన, తర్వాత రైన్ పక్కన, ఆపైన డాన్యూబ్ పక్కన సాగి, రుమేనియాలోని కాన్‌స్టాంట్సా రేవులో ముగుస్తుంది. పది దేశాలు, దాదాపు 4,450 కిలోమీటర్లు. నదుల వెంబడి నడిచే దారి కాబట్టి పెద్ద కొండలు తక్కువ. 2025 మేలో బయల్దేరాం.

ఎన్ని రోజులు తొక్కాలో మా ఓపిక నిర్ణయించలేదు, వీసా నిర్ణయించింది. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలి. రుమేనియా, బల్గేరియా ఆ ఏడాది జనవరి 1 నుంచి భూసరిహద్దులతో సహా పూర్తిగా షెంగెన్‌లో కలిశాయి. 2024 మార్చి చివరి దాకా ఇదే దారిలో వెళ్ళినవాళ్ళకు అక్కడి రోజులు లెక్కలోకి వచ్చేవి కావు, మాకు వచ్చాయి. సెర్బియా ఒక్కటే బయట మిగిలింది. చెల్లుబాటులో ఉన్న షెంగెన్ వీసా చూపిస్తే సెర్బియా వేరే వీసా అడగదు. కానీ అక్కడికి వెళ్ళి మళ్ళీ షెంగెన్‌లో అడుగుపెట్టాలంటే మన వీసా ఎక్కువసార్లు ప్రవేశానికి అనుమతించేదై ఉండాలి. వీసా రుసుము మనిషికి 90 యూరోలు, దాంతోపాటు కనీసం 30,000 యూరోల వైద్య బీమా. రోజులకు హద్దు ఉండడం మా లెక్కకు మేలే చేసింది. రోజుకు ఇద్దరికీ 55 యూరోలు అనుకుంటే మొత్తం ఎంతో ఇంట్లో కూర్చునే తేల్చగలిగాం.

డబ్బు కూడబెట్టడానికి ఐదేళ్ళు పట్టింది. మియాపూర్‌లో రెండు గదుల ఫ్లాట్‌లోనే ఉండిపోయాం, కారు కొనడం వాయిదా వేశాం. మొదట్లో ప్రతినెలా మ్యూచువల్ ఫండ్స్‌లో వేశాం. ప్రయాణానికి ఏడాది ముందు ఆ డబ్బంతా తీసి ఎఫ్‌డీలో పెట్టాం. మార్కెట్ అప్పుడు మంచి ఊపు మీద ఉంది. ఇప్పుడు తీసేవాళ్ళుంటారా అని స్నేహితులు వారించారు. కానీ మా డబ్బుకు తేదీ ఉంది. తేదీ ఉన్న డబ్బును మార్కెట్‌లో ఉంచకూడదని నేను గట్టిగా నమ్ముతాను. 2024 సెప్టెంబరు చివర్లో 26,000 దాటిన నిఫ్టీ 2025 మార్చి మొదట్లో 22,000 దగ్గరికి జారింది. సరిగ్గా మేం టికెట్లు కొన్న రోజులవి.

రూపాయి విలువ విషయంలోనూ అదే పద్ధతి. 2025 ఫిబ్రవరిలో యూరో 90 రూపాయల చుట్టుపక్కల ఉంది. రోడ్డు ఖర్చులో మూడింట రెండు వంతులు అప్పుడే ఇద్దరి పేర్ల మీద రెండు ఫారెక్స్ కార్డుల్లో వేశాం. జూలై నాటికి యూరో వందకు చేరింది. అది ముందే తెలిసి చేసిన పని కాదు. మాకొచ్చే జీతం రూపాయల్లో, పెట్టబోయే ఖర్చు యూరోల్లో. ఆ తేడా మీద మూడు నెలలు పందెం కాయడం నాకు ఇష్టం లేదు, అంతే. రెండు పేర్ల మీద విడివిడిగా వేయడంలో ఇంకో సౌలభ్యం ఉంది. విదేశాలకు పంపే డబ్బు మీద బ్యాంకు ముందే పట్టుకునే టీసీఎస్ పరిమితి మనిషి మనిషికీ వేరు. ఆ మార్చి వరకు ఏడు లక్షలు, ఏప్రిల్ నుంచి పది లక్షలు. పట్టుకున్నా రిటర్నులో సర్దుబాటయ్యేదే, కానీ అన్నాళ్ళూ ఆ డబ్బు చేతికి రాదు.

మా ఆయనకు జీతం లేని సెలవు దొరికింది. నాకు దొరకలేదు, రాజీనామా చేశాను. ఇక్కడే రెండో అంకె మొదలవుతుంది.

సంగతి చెప్పినప్పుడు అత్తయ్య రెండు మాటలన్నారు. మొదటిది, “ఆ డబ్బుతో షాద్‌నగర్ వైపు స్థలం కొనుక్కోవచ్చు కదమ్మా.” “స్థలం పదేళ్ళ తర్వాతైనా కొంటాం అత్తయ్యా, ఇన్ని కిలోమీటర్లు తొక్కే కాళ్ళు అప్పటికుండవు,” అన్నాను. రెండోది, “మరి మీ మామయ్య మందులు?” అసలు ప్రశ్న అది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ ఆసుపత్రి ఖర్చు చాలాసార్లు కొడుకో కోడలో పనిచేసే కంపెనీ గ్రూప్ బీమా మీదే ఆధారపడి ఉంటుంది. ఉద్యోగం వదిలిన రోజునే ఆ రక్షణ పోతుంది. అత్తయ్య, మామయ్యలు నా కంపెనీ బీమాలోనే ఉన్నారు. మామయ్యకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. ముందునుంచీ ఉన్న జబ్బులకు కొత్త పాలసీలో మూడేళ్ళ దాకా నిరీక్షణ కాలం పెట్టవచ్చు. అందుకే ప్రయాణం మాట ఇంకా గాలిలో ఉన్నప్పుడే వాళ్ళకు సొంత పాలసీ తీసుకున్నాం. కంపెనీ బీమా ఉండగా ఇది దండగ కదా అన్నవాళ్ళున్నారు. నేను రాజీనామా ఇచ్చేనాటికి ఆ నిరీక్షణ కాలం ముగిసింది. మా ఐదేళ్ళ లెక్కలన్నింటిలో ఇంత తృప్తినిచ్చిన నిర్ణయం ఇంకోటి లేదు.

మేం లేని నాలుగు నెలలకు ఇంటి ఈఎంఐ, పెద్దవాళ్ళ ఖర్చు, పాలసీల ప్రీమియం కలిపి మూడు లక్షలు వేరే ఖాతాలో వేసి, అక్కణ్ణుంచే కట్ అయ్యేలా పెట్టాం. ఇంకో ఐదున్నర లక్షలు ‘తిరిగొచ్చాక’ అనే పద్దు కింద రాసుకున్నాం. అంటే జీతమేమీ లేకపోయినా ఆరు నెలలు ఇల్లు నడవడానికి. నా ఈపీఎఫ్ జోలికి వెళ్ళలేదు. ఉద్యోగం మానిన రెండు నెలలకు మొత్తం తీసుకోవచ్చని అప్పటి నిబంధన. 8.25 శాతం వడ్డీ వస్తున్న డబ్బును, అదీ ముసలితనానికి దాచుకున్నదాన్ని, తీసి ఖర్చుపెట్టే ఆలోచనే మాకు రాలేదు.

రోడ్డు మీది ఖర్చు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫ్రాన్స్ పల్లెల్లో మునిసిపాలిటీ వాళ్ళు నడిపే క్యాంపింగ్ స్థలాలు మా బడ్జెట్‌ను కాపాడాయి. బాసెల్ దాటాక చాలా దూరం రైన్‌కు ఒక ఒడ్డు స్విట్జర్లాండ్, ఇంకో ఒడ్డు జర్మనీ. రైన్‌ఫెల్డెన్, లాఫెన్‌బుర్గ్ లాంటి ఊళ్ళలో వంతెన దాటితే దేశం మారుతుంది, ధర కూడా మారుతుంది. స్విస్ ఒడ్డున తొక్కి, జర్మన్ ఒడ్డున సరుకులు కొని అక్కడే పడుకున్నాం. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, శనివారం సాయంత్రమే బియ్యం, కూరగాయలు కొనకపోతే హోటల్ బిల్లు తప్పదు. కందిపొడి, ఆవకాయ ఇంటి నుంచి తెచ్చుకున్నాం. పాలతో చేసినవి ప్రయాణికులు బయటి నుంచి తేకూడదు కాబట్టి నెయ్యి వదిలేశాం. ఏటీఎం తెరమీద “రూపాయల్లో చూపించమంటారా” అని అడిగిన ప్రతిసారీ వద్దన్నాం. అవునంటే వాళ్ళు వేసే రేటు మనకు నష్టం.

పొదుపు చేయకూడని చోట్లు కూడా ఉన్నాయి. మాది ఇద్దరు కలిసి తొక్కే తాండెమ్ సైకిల్, దాని మీద ఇద్దరి బరువూ, సామాన్ల బరువూ రెండే చక్రాల మీద పడుతుంది. గొలుసు, బ్రేకులు మామూలు సైకిల్ కంటే త్వరగా అరుగుతాయి. బుడాపెస్ట్‌లో గొలుసు, బ్రేక్ ప్యాడ్లు, వెనక టైరు ఇంకా కొంత పనిచేస్తుండగానే మార్పించాం. ముందున్నవి సెర్బియాలో గోలుబాట్స్ కోట దాటాక వచ్చే ఐరన్ గేట్స్ కనుమ, దీపాలు లేని వరుస సొరంగాలు. లారీల మధ్య ఆ చీకట్లో తొక్కాలి. మంచి దీపాలకు, బ్రేకులకు పెట్టిన ప్రతి యూరో నాకు సమ్మతమే.

ఇంట్లో మా ఇద్దరివీ వేరు వేరు ఖాతాలు. సైకిల్ మీద ఒకే పర్సు. ముందు కూర్చునే ఆయన చేతులు హ్యాండిల్ మీద, వెనక కూర్చునే నా చేతులు ఖాళీ, కాబట్టి లెక్కలు నావి. ఒకే ఒక నియమం పెట్టుకున్నాం. ఈ రాత్రి గుడారం వద్దు, గది కావాలని ఎవరు అన్నా రెండోవాళ్ళు ధర మాట ఎత్తకూడదు. తాండెమ్ మీద ఒకరు అలసిపోతే ఇద్దరూ ఆగిపోయినట్టే. లింజ్ దగ్గర వరుసగా వానలు కురిసినప్పుడు గదుల కోసం వారం బడ్జెట్ దాటింది. వాఖావ్ లోయలో దారి పక్కన ఆప్రికాట్లు కొనుక్కు తింటూ తేలిక రోజులు గడిపేసరికి అది సర్దుకుంది.

సైకిల్‌ను నాంత్‌లో ఒక పెద్ద వయసు జంట దగ్గర 1,400 యూరోలకు కొన్నాం. కాన్‌స్టాంట్సాలో, అక్కణ్ణుంచి పడమటికి బయల్దేరబోతున్న ఇంకో జంటకు 800కి అమ్మాం. బుడాపెస్ట్‌లో ఉండగానే వాళ్ళతో మాట్లాడుకున్నాం. అంత పొడవైన సైకిల్‌ను చాలా విమానాలు ఎక్కించుకోవు, ఎక్కించుకున్నా విడిభాగాలు మన ఊళ్ళో దొరకవు. వేసవంతా దాని అద్దె 600 యూరోలు అనుకున్నాం. సముద్రం చూసిన సాయంత్రం అమ్మకం జరిగింది. ఆ రాత్రి సంతోషం, బెంగ రెండూ కలిసి ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

ఆగస్టులో హైదరాబాద్ చేరాం. సెప్టెంబరులో నాకు మొదటి ఆఫర్ వచ్చింది, పాత జీతం కంటే ఇరవై శాతం తక్కువ. ఈ మధ్య ఖాళీ ఎందుకొచ్చిందని అడిగి, దాన్నే కారణంగా చూపించారు. ‘తిరిగొచ్చాక’ పద్దులో అప్పటికి నాలుగు నెలల పైన డబ్బు మిగిలి ఉంది. వద్దన్నాను. నవంబరులో పాత జీతానికి కొంచెం పైనే ఇచ్చేచోట చేరాను. ఆ డబ్బే లేకపోతే మొదటిదానికే ఒప్పుకునేదాన్ని, ఆ తగ్గిన జీతం మీదే తర్వాతి ఉద్యోగాల లెక్క కూడా నడిచేది. మా పదహారు లక్షల్లో అన్నింటికంటే ఎక్కువ రాబడి ఇచ్చింది రోడ్డు మీద ఖర్చుకాని ఆ ఐదున్నర లక్షలే.

మీరూ ఇలాంటి ప్రయాణం తలపెట్టి ఉంటే మీ లెక్కల పుస్తకం తీసి చూడండి. తిరిగొచ్చాక ఆరు నెలలకు డబ్బు, పెద్దవాళ్ళకు సొంత పాలసీ అందులో లేకపోతే బయల్దేరే తేదీని ఒక ఏడాది వాయిదా వేయండి.