పాటకి పుట్టిల్లేది?

అంత్యాక్షరి ఆడీ ఆడీ విసుగొచ్చిన ఇళ్లలో ఇంకో ఆట పెట్టుకోవచ్చు. యూరప్ దేశాల మధ్య ఏటా యూరోవిజన్ అని పాటల పోటీ జరుగుతుంది. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో మొదలైంది. దేశానికో పాట. మన దేశం పాటకి మనం ఓటు వెయ్యకూడదు, అదొక నియమం. ఆ పాటల పేర్లు కొన్ని చీటీల మీద, దేశాల పేర్లు కొన్ని చీటీల మీద రాసి, పాట వినిపించి, జత కలపమనాలి. జర్మనీలో ఉన్న మా పెద్దమ్మాయి సెలవులకి నాదెండ్ల వచ్చినప్పుడు మా అందరి చేతా ఆడించింది.

వినడానికి తేలికే. ఆడితే తెలుస్తుంది. 'వాటర్లూ' అనే పాట ఉంది. వాటర్లూ ఊరేమో బెల్జియంలో ఉంది, పాటేమో ఇంగ్లీషులో ఉంది. మావారు నెపోలియన్ యుద్ధం గుర్తు తెచ్చుకుని ఇంగ్లండ్ చీటీ పక్కన పెట్టారు. అది స్వీడన్ పాట. 1974లో ఆబా బృందం పాడి గెలిచింది. చాలా ఏళ్లు ఎవరి భాషలో వాళ్లే పాడాలని నియమం ఉండేదట. 1999 నుంచి అది తీసేశారు. అప్పట్నించీ ఎక్కువమంది ఇంగ్లీషులోనే పాడుతున్నారు కాబట్టి, భాషని బట్టి దేశం పట్టుకోవడం కష్టమైపోయింది.

1988లో స్విట్జర్లాండ్ తరఫున గెలిచిన సెలిన్ డియాన్ కెనడా అమ్మాయి. ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. ఈ సంగతి చెప్పగానే మా అత్తయ్య, "అయితే ఆ దేశానికి కోడలన్నమాట" అంది. అందరం నవ్వాం గానీ, ఆలోచిస్తే మన ఎస్. జానకి గారూ అంతేగా! పుట్టింది రేపల్లె దగ్గర పల్లపట్ల. ఆవిడకొచ్చిన నాలుగు జాతీయ అవార్డుల్లో రెండు తమిళ పాటలకి, ఒకటి మలయాళానికి. తెలుగుకి ఒక్కటే, 'సితార'లో పాటకి.

ఆటలో అత్తయ్య కదిలిపోయింది మాత్రం ఉక్రెయిన్ పాట దగ్గర. 2016లో జమాలా అనే ఆమె '1944' అన్న పాట పాడి గెలిచింది. ఆ ఏడు స్టాలిన్ ప్రభుత్వం క్రిమియా తాతార్లని ఉన్నపళాన ఇళ్లలోంచి వెళ్లగొట్టి రైళ్లెక్కించింది. అలా వెళ్లినవాళ్లలో జమాలా ముత్తవ్వ కూడా ఉంది. ఆమె కథే పాటయింది. మా అమ్మాయి ఇదంతా చెప్తుంటే అత్తయ్య, "ముత్తవ్వని తల్చుకుని పాడిందా! మా నాయనమ్మ పాటలు నాకూ వచ్చు" అని, ఎవరూ అడక్కుండానే ఎత్తుకుంది.

అది జొన్నలు దంచేటప్పటి పాట. అత్తయ్య పుట్టిల్లు కారంపూడి వైపు. సాగర్ కాలవ రాకముందు అక్కడ జొన్నన్నమే తిండి. తెల్లవారుజామున ఇద్దరు ముగ్గురు రోటి చుట్టూ చేరి, రోకటి పోటుకి ఒక మాటగా పాడేవాళ్లట. మిల్లులొచ్చాయి, రోకళ్లు మూలపడ్డాయి, పాటలకి పనిలేకుండా పోయింది. బి.ఎ.లో బిరుదురాజు రామరాజు గారి పరిశోధన గురించి చెప్తూ, శ్రామిక గేయాలని మాకు ఒక పాఠం ఉండేది. ఆ పాఠం మా వంటింట్లోనే కూర్చుని చింతపండు గింజ తీస్తోంది ఇన్నాళ్లూ!

అత్తయ్యకిప్పుడు డెబ్భై ఎనిమిది. మరుపు మొదలైంది. మొదటి చరణం ఒక పాటది, రెండోది ఇంకో పాటది పాడేస్తుంది. అందుకే మా అమ్మాయి ఫోన్లో రికార్డు చేస్తుంటే నేను నోటుబుక్కు తీసి మూడు గడులు గీశాను. పాట, ఊరు, నేర్పినామె పేరు. నాలుగు రోజుల్లో పదకొండు పాటలొచ్చాయి. ఊళ్ల గడి చకచకా నిండింది. కారంపూడి, మాచర్ల, వినుకొండ. పేర్ల గడి దగ్గరే ఆగిపోయాం.

"ఈ పాట నేర్పింది ఎవరత్తయ్యా?"

"మాచర్లామె."

"ఆమె పేరు?"

"పేరేముందే, మాచర్లామె అనేవాళ్లం."

మన ఊళ్లలో కోడళ్లని పుట్టింటి ఊరి పేరుతో పిలవడం అందరికీ తెలిసిందే. నన్నూ ఇక్కడ కొందరు అలాగే పిలుస్తారు. అదో గౌరవం అనుకునేదాన్ని. గడి ఖాళీగా కనిపించేసరికి మనసు చివుక్కుమంది. యూరోవిజన్ చీటీల్లో పాడినవాళ్ల పేర్లు తెలుసు, దేశం వెతకాలి. మన దగ్గర ఊరు తెలుసు, మనిషి పేరే వెతకాలి. పుట్టిల్లు మిగిలింది, పుట్టింటి పేరు మిగల్లేదు.

చుట్టాలందరికీ ఫోన్లు చేశాను. ఎనభై దాటిన మా పెద్దత్తయ్య ఒకామె మాచర్లామె పేరు చెప్పింది, లక్ష్మమ్మ. ఇప్పటికి పదకొండులో మూడు గడులు నిండాయి. అత్తయ్య తను చెప్పినవి మర్చిపోయి మళ్లీ అడిగి, విని, సంతోషపడుతోంది. మా అమ్మాయి వెళ్తూ వెళ్తూ ఆ పేజీ ఫోటో తీసుకుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారమే కూర్చోండి. పాట సగమే వచ్చినా రాసుకోండి. ఊరు ఎలాగూ చెప్తారు. పేరు మాత్రం వదలకుండా అడగండి.